చిత్రం, రచన, సంగీతం, గానం: ఆకాశవాణి పెద్దలకు ఒక పాత శ్రోత బహిరంగ లేఖ

ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి, ఆకాశవాణి డైరెక్టర్ జనరల్ గారికి,



ఉత్తరాన్ని ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా తరం అలవాటు. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం అని దాని భావం. ఈ ఉత్తరాన్ని అలా మొదలుపెట్టలేకపోతున్నాను. మీ చేతుల్లో ఉన్న ఒకదాని క్షేమం గురించే నా దిగులంతా. అది పాత పాట వినిపించే రేడియో.

మా అమ్మకు 82 ఏళ్లు. చూపు మందగించింది గానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఆవిడ వంటింటి గూట్లో ఉండే రేడియో పోయినేడు మూలపడింది. బాగుచేసేవాళ్లు దొరకలేదు. కొత్తది కొనేలోగా కాలక్షేపానికి ఉంటుందని, ఆవిడకి ఇష్టమైన పాట నా ఫోన్లో పెట్టి గట్టు మీద ఉంచాను. పాట శుభ్రంగా వచ్చింది. గరగర లేదు, మధ్యలో స్టేషను జారిపోవడం లేదు. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది. పాట అయిపోయింది. చేతిలో కాయ అలాగే పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎవరు రాశారో చెప్పలేదేమిట్రా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే ఫోను ఇంకో పాటలోకి వెళ్లిపోయింది.

అమ్మ అయిదో తరగతితో బడి మానేసింది. అయినా ఆవిడకి దేవులపల్లి కృష్ణశాస్త్రి తెలుసు, పింగళి నాగేంద్రరావు తెలుసు. సముద్రాల, మల్లాది రామకృష్ణశాస్త్రి, కొసరాజు, ఆరుద్ర, ఆత్రేయ, దాశరథి, అందరూ తెలుసు. వీళ్లలో ఏ ఒక్కరి పుస్తకమూ ఆవిడ తెరిచి ఎరగదు. వాళ్లందరినీ మా ఇంటికి తీసుకొచ్చింది మీ అనౌన్సర్లు. ప్రతి పాటకీ ముందో వెనకో నాలుగు మాటలు చెప్పేవారు. చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా. పూజకు ముందు సంకల్పం చెప్పుకున్నంత శ్రద్ధగా చెప్పేవారు. ఆ నాలుగు మాటలూ అయితేనే అమ్మకి పాట పూర్తయినట్టు.

నేను 33 ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. కృష్ణశాస్త్రి గారి పద్యం పాఠంగా వచ్చినప్పుడల్లా పిల్లలకి ఒక మాట చెప్పేవాణ్ని, మల్లీశ్వరి పాటలు రాసింది ఈయనే అని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాటతో సగం క్లాసు మొహాలు వెలిగేవి. ఇంట్లో విన్న పేరు పుస్తకంలో కనబడిన సంబరం అది. చివరి ఏళ్లలో అదే మాట చెబితే, పాట తెలుసన్న పిల్లలు ఒకరిద్దరు ఉండేవారు గానీ పేరు విన్న పిల్లలు లేరు. పాట వాళ్ల ఫోన్లలో ఉంది. దానికి ఊరూ పేరూ చెప్పే గొంతు మాత్రం వాళ్ల ఇళ్లలో లేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ గొంతు కోసం.

మా ఊరు తెనాలికి దగ్గర. నా చిన్నప్పుడు రేడియో ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రేడియోకి లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి రుసుము కట్టి, ఆ చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకుని రావాలి. ఇంటి కప్పు మీద ఏరియల్ వల కట్టేవారు. ట్రాన్సిస్టర్లు వచ్చాక పాట పొలం గట్టుకీ, కళ్లానికీ నడిచింది. బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెట్టి, ఇంకో రెండు రోజులు పాడించుకునేవాళ్లం. హైదరాబాదు 738, విజయవాడ 837 అని ముల్లు ఎక్కడ ఆగాలో చీకట్లో కూడా చేతికి తెలిసేది.

బజారులో ఒక దర్జీ కొట్టు ఉండేది. అక్కడ రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉండేది. పాట వస్తున్నంతసేపూ దర్జీ మిషను తొక్కుతూనే ఉండేవాడు. పాట అయ్యాక పేర్లు చెప్పేటప్పుడు మాత్రం కాలు ఆపేవాడు. మిషను చప్పుడులో పాట వినబడుతుంది గానీ పేర్లు వినబడవు. బటన్లు కుట్టించుకోవడానికి వెళ్లిన పిల్లలం మేమూ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. రచన ఆత్రేయ అని వినగానే, "చెప్పానా!" అని ఆయన మళ్లీ తొక్కుడు మొదలుపెట్టేవాడు. పాట పల్లవి వినగానే కవి ఎవరో ఊహించడం ఆయనకు రోజూ పెట్టుకునే పరీక్ష. మీ అనౌన్సరు ఆ పరీక్ష దిద్దే మేష్టారు. కవిత్వంలో చెయ్యి తిరిగిన మనిషిని చేతి గుర్తుతో పోల్చుకోవడం నేను నేర్చుకున్నది కాలేజీలో కాదు, ఆ కొట్టులో.

మా అక్క 15 పైసల పోస్టుకార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పాట కోరుతూ రాసేది. ఇంట్లో అందరి పేర్లూ, చివర ఊరి పేరూ. కార్డు డబ్బాలో వేసిన రోజు నుంచి ఎదురుచూపులు. వారాలు గడిచిపోయేవి. ఒకరోజు మధ్యాహ్నం ఆ పేర్లు వచ్చాయి. అక్క పేరు, నా పేరు, అమ్మ పేరు, ఆఖరున మా ఊరి పేరు. బస్సు కూడా రాని ఊరు మాది. ఆ ఊరి పేరు ఆ క్షణాన ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఇళ్లలో పలికిందో! సాయంత్రం దాకా ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి, విన్నాం విన్నాం అని చెప్పిపోతూనే ఉన్నారు. ఝార్ఖండ్‌లో అభ్రకం గనుల ఊరు ఝుమ్రీ తలైయా పేరు దేశమంతా తెలిసింది కూడా ఇలాంటి కార్డుల వల్లే. హిందీ పాటలు కోరుతూ అక్కడి జనం అన్ని ఉత్తరాలు రాశారు.

సినిమా వాళ్లు స్వయంగా వచ్చి తమకు నచ్చిన పాటలు వినిపించే జనరంజని, సినిమా మొత్తాన్ని కుదించి చెవులతో చూపించే సంక్షిప్త శబ్ద చిత్రం మాకు పండగలు. సముద్రం అవతల నుంచి, షార్ట్‌వేవ్ గరగరల మధ్య, రేడియో సిలోన్‌లో మీనాక్షీ పొన్నుదురై గారు తెలుగు పాటలు వినిపించేవారు. ఎవరో ఎరుగని మనిషి అంత దూరాన కూర్చుని మా భాషలో మాట్లాడుతుంటే, పరాయి ఊళ్లో ఉన్న మేనత్త పలకరించినట్టు ఉండేది.

సిలోన్ మాట వచ్చింది కాబట్టి మీ సంస్థ చరిత్రలోంచే ఒక సంగతి గుర్తుచేస్తాను. 1952లో బి.వి. కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకు గొప్ప ప్రేమ. సినిమా పాట జనం అభిరుచిని పాడుచేస్తుందని అంతే గట్టి నమ్మకం. ఆ రోజుల్లో ప్రభుత్వ రేడియోలో సినిమా పాటల వాటా బాగా కుదించుకుపోయింది. అంతటితో ఆగలేదు. పాటతో పాటు సినిమా పేరు చెబితే అది వ్యాపార ప్రకటన అవుతుందని, గాయకుల పేరు ఒక్కటే చెప్పాలని నిర్ణయించారు. నిర్మాతలు ఒప్పుకోలేదు. తమ పాటలు ప్రసారం చేసే అనుమతిని వెనక్కి తీసుకున్నారు. ఆ తగాదా మొదలైంది ఒక పేరు దగ్గర. పాటకు దాని పేరు చెప్పాలా వద్దా అన్న దగ్గర.

మల్లీశ్వరి, పాతాళభైరవి వచ్చింది 1951లో. దేవదాసు వచ్చింది 1953లో. తెలుగు పాటకు పంట చేతికొచ్చిన సరిగ్గా ఆ రోజుల్లోనే రేడియో సినిమా పాటకు ముఖం చాటేసింది. శ్రోతలేం చేశారు? ముల్లు సిలోన్ వైపు తిప్పారు. 1952లోనే అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా అక్కడ మొదలై దేశాన్ని ఊపేసింది. అయిదేళ్లు తిరిగేసరికి మీ సంస్థ తన తప్పు దిద్దుకుంది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. మాయాబజార్ విడుదలైన ఏడే అది. అప్పట్నుంచి సినిమా పేరుతో సహా అన్ని పేర్లూ చెప్పడం మొదలుపెట్టి, ఆ మర్యాదను దశాబ్దాల పాటు నిలబెట్టారు. శ్రోత కోరికకు తలవంచడం మీ సంస్థకు కొత్త కాదు. అందుకే మీకు రాయాలనిపించింది.

ఇప్పుడు ఏం జరుగుతున్నదో మాకు తెలుస్తూనే ఉంది. రాత్రిపూట దేశమంతటికీ తోడుండే ఆకాశవాణి నేషనల్ చానెల్ 1988లో మొదలైంది. దాన్ని మూసివేయాలని 2018 డిసెంబరులో ఆదేశం వచ్చింది. బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరితో ముగిశాయి. తెలుగు లలిత సంగీతానికి దారి వేసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు 2018 ఏప్రిల్‌లో, అమీన్ సయానీ గారు 2024 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. మనుషులు వెళ్లిపోవడం ఎవరూ ఆపలేనిది. వాళ్లు కూర్చున్న కుర్చీలు కూడా తీసేయడం మాత్రం మన చేతిలో ఉన్న పని.

మీ కష్టాలు తెలియక రాయడం లేదు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటరు కరెంటును తాగేస్తుంది. పాతబడిన యంత్రానికి విడిభాగాలు దొరకవు. అనౌన్సరును కూర్చోబెట్టడం కన్నా కంప్యూటరులో పాటల వరస పెట్టి వదిలేయడం చవక. చిన్న కేంద్రం సొంతంగా కార్యక్రమం చేసుకోవడం కన్నా పెద్ద కేంద్రం నుంచి అందుకోవడం ఇంకా చవక. ఒక్కొక్కటీ విడిగా చూస్తే లెక్క సరిగ్గానే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే, ఒకరోజు పొద్దున రేడియో తిప్పిన ముసలి మనిషికి తన యాసలో, తన ఊరి పేరు తెలిసిన గొంతు వినబడదు.

ప్రైవేటు ఎఫ్.ఎం. ఈ పని చేస్తుందని ఆశపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. 2006 ప్రాంతంలో మన నగరాల్లో ఆ స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చినప్పుడు మా ఇంట్లో కొత్త సెట్టు కొన్నాం. వాళ్లనీ తప్పుపట్టలేను. వేలంలో పౌనఃపున్యం కొనుక్కుని, ప్రకటనల మీద బతకాల్సినవాళ్లు. ప్రకటన ఇచ్చేవాడు వెతికేది కొత్త బండి, కొత్త ఫోను కొనే వయసువాళ్లను. 82 ఏళ్ల అమ్మ కోసం సబ్బు కంపెనీ కూడా డబ్బు పెట్టదు. అందుకని అక్కడ పాత పాట అన్న మాటకే అర్థం ముందుకు జరుగుతూ వచ్చింది. నేను విన్నంతలో ఇప్పుడు పాత పాటల పూట అంటే ఎక్కువగా 1990ల పాటలే. అప్పటి పిల్లలకూ తమ చిన్నతనాన్ని వినే హక్కు ఉంది, కాదనను. అయితే వాళ్లు లోపలికి వచ్చినప్పుడల్లా ఈ చివరన ఉన్నవాళ్లు బల్ల మీద నుంచి కింద పడుతున్నారు. ఘంటసాల, భానుమతి, లీల, జిక్కి, ఏ.ఎం. రాజా పాడిన పాటల వంతు మొదట వచ్చింది. రేపు సుశీల, జానకి పాటల వంతు. ఎల్లుండి ఈ 1990ల పిల్లలదే వంతు.

ఇది మన దగ్గరే జరిగిన ముచ్చట కాదు. న్యూయార్క్ నగరంలో డబ్ల్యూసీబీఎస్ అనే ఎఫ్.ఎం. స్టేషను 1972 నుంచి పాత పాటలకు పెట్టింది పేరు. 2005 జూన్ 3న యాజమాన్యం ఉన్నట్టుండి పాత పాటలు తీసేసింది. పడుచు శ్రోతలను రాబట్టాలన్నది ఆలోచన. ఉన్న శ్రోతలు కోపంతో వెళ్లిపోయారు, కొత్తవాళ్లు అనుకున్నట్టు రాలేదు. రెండేళ్లు తిరిగాక, 2007 జూలై 12న, పాత పాటలను మళ్లీ తెచ్చుకున్నారు. అక్కడి శ్రోతల పట్టుదలకి నేను చేతులెత్తి మొక్కుతాను. ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉంది. తిరిగి వచ్చిన ఆ స్టేషనులో 1950ల పాటలకు మునుపటి చోటు దక్కలేదు. ఒకసారి తెగిన దాన్ని మళ్లీ ముడివేసినా, తాడు కొంత పొట్టి అవుతుంది. అందుకే తెగకముందే మీకు రాస్తున్నాను.

"అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా, రేడియో ఎందుకు?" అని మా అబ్బాయే అడిగాడు. వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

ఫోన్లో మనం తెలిసిన పాటనే వెతుక్కుంటాం. పేరు తెలియని దాన్ని వెతకలేం కదా. నాకు తెలియని పాట నన్ను వెతుక్కుంటూ వచ్చింది రేడియోలోనే. ఆడని సినిమాల్లోని మంచి పాటలు, డబ్బాలు అటకెక్కిన సినిమాల్లోని పాటలు బతికి ఉన్నాయంటే, ఎప్పుడో ఏ అనౌన్సరో అరలోంచి ఆ రికార్డు తీసి, ఇది జనం వినాలి అనుకోబట్టే. ఆ ఎంపిక వెనక ఒక మనిషి చెవి ఉంది, చదువు ఉంది. ఫోను మాత్రం నేను నిన్న విన్నదే ఇవాళ మళ్లీ నా ముందు పెడుతుంది.

రెండోది, రేడియో పాట ఒక్కరిది కాదు. అమ్మ వంటింట్లో విన్న పాటే గోడకి అటుపక్క పిన్నిగారి పెరట్లోనూ వచ్చేది. పాట అవగానే ఆవిడ గోడ మీదుగా తొంగిచూసి, "వదినా, ఇది మన పెళ్లిళ్ల నాటి పాట" అనేది. ఆ ఒక్క మాటతో ఇద్దరూ అరగంట సేపు తమ పుట్టిళ్లకు వెళ్లొచ్చేవారు. పిన్నిగారు ఇప్పటికీ ఉంది. ఆవిడ కోడలు ఆవిడకీ ఫోన్లో పాటలు పెట్టింది. ఇద్దరూ పాటలు వింటున్నారు. ఒకే పాటను, ఒకే నిమిషాన వినడం మాత్రం ఆగిపోయింది. గోడ మీదుగా చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

జనానికి ఈ కోరిక లేదని ఎవరైనా అంటే, సరిగమ కంపెనీని చూడమనండి. ఒకప్పటి హెచ్.ఎం.వి. అదే. ఆ కంపెనీ 2017లో పాత రేడియో రూపంలో ఒక పెట్టె చేసి, అందులో 5000 పాత పాటలు నింపి, కార్వాన్ అని పేరు పెట్టి అమ్మింది. జేబులో ఫోను ఉన్నవాళ్లే వేల రూపాయలు పోసి ఆ పెట్టెను అమ్మానాన్నలకు కొనిచ్చారు. తిప్పితే పాట వచ్చే ఆ బిళ్ల కోసం, ఆ రేడియో రూపం కోసం. ఆ ప్రేమకు మీరు వారసులు. మీ దగ్గర ఆ పెట్టెలో లేనివి కూడా ఉన్నాయి.

నిజంగా ఉన్నాయి. ఆకాశవాణి కేంద్రాల గ్రామఫోను లైబ్రరీల గురించి చెబుతున్నాను. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట, వాటిని తుడిచి, సూది మార్చి, పేర్లు సరిచూసి వినిపించిన మనుషులు. పేర్లు సరిచూడటం చిన్న పని కాదు. మాయాబజార్ సంగీతమే చూడండి. తెర మీద పేరు ఘంటసాల గారిది. కొన్ని పాటలకు బాణీలు కట్టి మధ్యలో తప్పుకున్నది సాలూరి రాజేశ్వరరావు గారు. మిగతాదంతా పూర్తి చేసి, వాద్యగోష్ఠి నడిపింది ఘంటసాల గారు. ఇలాంటి వివరం తెలిసిన అనౌన్సరు ఒక వాక్యంలో ఇద్దరికీ న్యాయం చేయగలడు. తెలియని చోట ఒకరి పేరు శాశ్వతంగా చెరిగిపోతుంది. ఇవాళ ఫోన్లలో తిరుగుతున్న పాటల కింద కవి పేరు ఉండాల్సిన చోట హీరో పేరు ఉంటుంది, లేదంటే పాటను ఎక్కించినవాడి పేరు ఉంటుంది.

సినిమా పాట సంగతి సరే, అది ఇంకెక్కడైనా దొరకవచ్చు. మీ సొంత లలిత గీతాల మాటేమిటి? మద్రాసు కేంద్రంలో, విజయవాడ కేంద్రంలో, హైదరాబాదు కేంద్రంలో కృష్ణశాస్త్రి గారు, రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు చేసిన పాటలు రేడియో కోసమే పుట్టాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు, ఓలేటి వెంకటేశ్వర్లు గారు విజయవాడ కేంద్రంలో పాడినవి, పాడించినవి ఏ సినిమా కంపెనీ దగ్గరా ఉండవు. ఉంటే మీ దగ్గరే ఉండాలి. మీ టేపు బూజుపడితే తెలుగు పాట చరిత్రలో ఆ పేజీ చిరిగినట్టే.

ఇక మా విన్నపాలు. కొన్నే ఉన్నాయి, అన్నీ చేయదగ్గవే.

మొదటిది. రోజులో కొన్ని గంటలు, మారని వేళల్లో, 1980కి ముందు తెలుగు పాటలకు కేటాయించండి. తెల్లవారుజామున కొంత, రాత్రి పడుకోబోయే ముందు కొంత. ముసలివాళ్లకు వేళ ముఖ్యం. మందు వేసుకునే వేళ లాగా పాట వేళ కూడా వాళ్లకు అలవాటవుతుంది. హైదరాబాదు వివిధభారతి 102.8లో, విజయవాడలో, విశాఖలో, కడపలో ఆ గంటలు ఎక్కడికక్కడ మనుషులే నడపాలి.

రెండోది. ఆ నాలుగు మాటలూ ఎన్నడూ వదలకండి. చిత్రం, రచన, సంగీతం, గానం. సమయం చాలకపోతే ఒక పాట తగ్గించండి, పేర్లు తగ్గించకండి. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వింటున్న పిల్లలకు ఆ పేర్లు తెర మీద తెలుగులో కనిపించేటట్టు చేయండి. అమెరికాలో, గల్ఫులో ఉన్న మనవాళ్లు వినేది ఆ యాప్‌లోనే. అక్కడి మనవలకు తాతమ్మల కవులు అలా అయినా పరిచయమవుతారు.

మూడోది. తెలుగు కేంద్రాల రికార్డులకూ టేపులకూ ఒక పూర్తి జాబితా తయారుచేసి ప్రజలందరూ చూసేటట్టు పెట్టండి. ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబు చానెల్‌లో మీరు పాత సంగీతాన్ని విడుదల చేస్తున్నారు, సంతోషం. 2024 నవంబరులో వేవ్స్ యాప్ తెచ్చారు, అదీ సంతోషమే. అక్కడ తెలుగు అర నిండుగా ఉండాలి. ఆ పనికి రిటైరైన అనౌన్సర్లనూ లైబ్రేరియన్లనూ పిలవండి. ఏ రికార్డు ఏ అరలో ఉందో, ఏ పేరు ఎందుకు తప్పుగా పడిందో వాళ్లకి తెలుసు. వాళ్ల వయసు కూడా మా అమ్మ వయసుకు దగ్గరపడుతోంది. ఈ పని పదేళ్ల తర్వాత చేద్దామంటే అడగడానికి మనుషులు ఉండరు.

నాలుగోది. పోస్టుకార్డును బతికించండి. ఫోను చేసేవాళ్లు చేస్తారు, వాట్సాప్‌లో కోరేవాళ్లు కోరతారు. వాటితో పాటు వారానికి ఒక గంట ఉత్తరాల పాటలకు ఉంచండి. ఊరి పేరు చదవండి. ఊరి పేరు రేడియోలో వినడం ఎలాంటి గౌరవమో ఆ ఊళ్లో పుట్టినవాళ్లకే తెలుసు.

అయిదోది. ఒక ట్రాన్స్‌మిటరు ఆపేముందు, దాని మీద ఆధారపడ్డ పల్లెకు ఎఫ్.ఎం. అందుతోందో లేదో చూసి ఆపండి. మా కృష్ణా తీరం 1977 నవంబరు ఉప్పెన చూసిన నేల. గాలివానలో కరెంటు పోతుంది, సెల్ టవరు పడిపోతుంది, బ్యాటరీ రేడియో మాత్రం పలుకుతుంది. మామూలు రోజుల్లో పాట కోసం రేడియో దగ్గర ఉంచుకున్నవాళ్లకే ఆ రోజున హెచ్చరిక అందుతుంది. ఫోన్లలో ఎఫ్.ఎం. ఉంచాలని కంపెనీలకు 2023లో ప్రభుత్వం సూచించింది. ఆ సూచన అమలయ్యేదాకా వెంటపడండి. ఇయర్‌ఫోను తీగనే ఏరియల్‌గా వాడుకునే ఆ సదుపాయం, తీగ పెట్టే రంధ్రంతో పాటే కొత్త ఫోన్లలోంచి మాయమైపోతోంది.

మిమ్మల్ని అడిగి మేం చేతులు కట్టుకుని కూర్చోం. అటకల మీద ఉన్న పాత రికార్డులు, పాటల పుస్తకాలు, సొంతంగా టేపు చేసుకున్న కార్యక్రమాలు మాలో చాలామంది దగ్గర ఉన్నాయి. అడిగితే తెచ్చి మీ కేంద్రం గుమ్మంలో పెడతాం. సినిమా హాల్లో కొద్ది పైసలకే కొన్న ఆ పాటల పుస్తకాల్లో కవుల పేర్లు అచ్చయి ఉన్నాయి, మీ జాబితాకు పనికొస్తాయి. నాలాంటి రిటైరైన మేష్టర్లు ఊరికి ఇద్దరు ఉంటారు. పేర్లు సరిచూసే పని పైసా అడక్కుండా చేస్తాం. ఈ ఉత్తరం చదివిన తోటి శ్రోతలకు కూడా ఒక మాట. రేడియో మీద ప్రేమ గురించి ఒకరికొకరం చెప్పుకోవడం ఎంతోకాలంగా చేస్తున్నాం. ఇవాళ ఒక కార్డు కొని, మీకు కావలసిన పాట పేరూ, మీ ఊరి పేరూ రాసి, మీ దగ్గరి కేంద్రానికి పంపండి. శ్రోత ఉన్నాడని లెక్కల్లో కనబడేది అలాగే.

అమ్మకి కొత్త రేడియో కొన్నాను. గూట్లో పాతదాని చోటే పెట్టాం. స్టేషను దొరికినప్పుడు వింటుంది, దొరకనప్పుడు నేను ఫోన్లో పెడతాను. ఫోను పాట అయిపోగానే దాన్ని ఆపి, గుమ్మంలో నిలబడి నేనే చెబుతున్నాను. చిత్రం ఇది, రచన వీరు, సంగీతం వీరు, గానం వీరు. ఎక్కడైనా తడబడితే అమ్మ సరిదిద్దుతుంది. నిన్న అన్నీ సరిగ్గా చెప్పాను. అమ్మ తలాడించి, కాయలు తరుగుతూ, "సమయం కూడా చెప్పాలిరా" అంది. నిజమే, మీ అనౌన్సర్లు సమయం కూడా చెప్పేవారు. ఎనిమిది గంటల పదిహేను నిమిషాలని చెప్పాను.

నేను చెబితే ఒక్క వంటింటికి వినబడుతుంది. గోడకి అటుపక్క ఉన్న పిన్నిగారికి కూడా వినబడదు. మీరు చెబితే ఆవిడకీ, దర్జీ కొట్టుకీ, మా పొరుగూరికీ, పేరు తెలియని ఇంకెన్నో ఊళ్లకీ ఒక్కసారే వినబడుతుంది. దయచేసి మీరే చెప్పండి.

ఇట్లు,
మీ శ్రోత,
తెనాలి దగ్గరి ఒక పల్లె నుంచి